మేజర్ గారికి చల్లగా ఉండాలి

అక్కడ నొక్కకు తల్లీ. అదే, ఆ మడమ పైన. విరిగిందో బెణికిందో తర్వాత చెబుదువుగాని, ముందు చెయ్యి తియ్యి.

ఎలా పడ్డానా? రాళ్ల మీద పరిగెత్తి పడ్డాను. డెబ్బై దాటిన మనిషి, మండే ఎండలో, నున్నటి రాళ్ల మీద, రబ్బరు చెప్పులేసుకుని పరిగెత్తితే ఏమవుతుంది? లోయ చూడ్డానికి పోయాం. లోయలోకే పోకుండా ఒడ్డున పడ్డాను, అది నయం.

వెంట ఎవరొచ్చారంటావా? ఎవరూ రాలేదు. మేం బండి పెట్టుకుని ఉంటున్న కారవాన్ పార్కు బస్సు డ్రైవరు, పాపం, మీ క్లినిక్ గుమ్మం దాకా పట్టుకుని నడిపించి దింపిపోయాడు. కట్టుకున్నవాడు ఎక్కడున్నాడో చెప్పనా? ఇదే వీధి చివర, పశువుల డాక్టరు దగ్గర. నవ్వు, నవ్వు, నేనేమీ అనుకోను. నా కాలేమో గుమ్మడికాయలా వాచింది, మా డెస్ వెళ్లి పశువుల డాక్టరు దగ్గర కూర్చున్నాడు.

ఆయనకేం రోగం లేదు. కుక్కకి వడదెబ్బ. బతుకుతుందో లేదో తెలీదు.

అందుకే చెబుతున్నా, ఆ బల్ల మీద నా ఫోను మోగితే నువ్వే తీసి మాట్లాడు. నేను తియ్యను. ఏం వినాల్సొస్తుందో అని నాకు భయం.

ఏ జాతి అంటావా? బుల్‌డాగ్. చప్పిడి ముక్కు, ముడతల మొహం, నడిస్తే ఆయాసం, కూర్చుంటే గురక. రిటైరైన సైన్యం ఆఫీసరులా ఉన్నాడని మా ఆయన మేజర్ అని పేరు పెట్టాడు. నేను మేజర్ గారూ అంటాను. ఇంట్లో పెద్దపీట ఆయనదే అయినప్పుడు గారు తగిలించకపోతే ఎట్లా?

ఆ ముక్కుతో వాడికి గాలి సరిగ్గా ఆడదు తల్లీ. మిగతా కుక్కలకి నాలుక బయటపెట్టి రొప్పితే ఒళ్లు చల్లబడుతుంది. వీడు రొప్పితే ఆ రొప్పుకే ఇంకాస్త వేడెక్కుతాడు. పిల్లప్పుడు అమ్మినావిడ మరీ మరీ చెప్పింది, వేడి తగలనివ్వకండి, చల్లటి ఊళ్లో ఉంచండి అని. మాది టాస్మేనియా, దేశానికి దక్షిణపు కొస. చలికాలం కిటికీ అద్దాలకి మంచు పట్టే ఊరు. అక్కడ వాడికి ఏ లోటూ లేదు.

మరి మేమేం చేశాం? రిటైరయ్యాక మా ఈడువాళ్లకి పట్టే పిచ్చి నీకు తెలియంది కాదు, నీ దగ్గరికి మోకాళ్లూ నడుములూ పట్టుకుని వచ్చేది మా బాపతేగా. ఇల్లు అద్దెకిచ్చేసి, ఒక మోటారు ఇల్లు కొనుక్కుని, దేశం చుట్టూ బొంగరంలా తిరగడం. పోనీ, తిరిగేవాళ్లు తిరుగుతారు. బుల్‌డాగ్‌ని ఎక్కించుకుని ఎవరన్నా ఉత్తరానికి వస్తారా? మన దేశంలో ఉత్తరమంటే పొయ్యి. పొయ్యిలోకి ఐసు ముక్కని తెచ్చుకుని, అది కరగకుండా చూసుకోవడమే ఇప్పుడు మా ఇద్దరి ఉద్యోగం.

మా దినచర్య విను. తెల్లారకముందే లేవాలి, ఎందుకంటే ఎండెక్కాక ప్రయాణం మేజర్ గారికి పడదు. పొద్దెక్కేలోగా చెట్టు నీడ చూసుకుని ఆగాలి. ఆ నీడ జరిగితే మనం బండి జరపాలి. అద్దాలకి వెండిరంగు తెరలు. నేల మీద చల్లపరుపు. దాని మీద తడి తువ్వాలు. వాడి ఒంటికి తడి చొక్కా. తాగే నీళ్లలో ఐసు. తల దగ్గరొక ఫ్యాను, తోక దగ్గరొక ఫ్యాను, ఉన్న తోకే అంగుళం అయినా సరే. కిందికి దింపాలంటే మా ఆయన ముందు చెయ్యి తిరగేసి రోడ్డుకి ఆనించి చూస్తాడు. కాలిందనుకో, నాలుగు కాళ్లకీ బూట్లు తొడుగుతాడు. నేను ఈ రబ్బరు చెప్పుల్తోనే దేశమంతా తిరిగాను. నా కాళ్ల కింద రోడ్డు కాలుతోందేమోనని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు.

ఒకరోజు ఉక్క తట్టుకోలేక ఆ చల్లపరుపు మీద నేను పడుకున్నాను. ఒట్టు, అబద్ధం కాదు. మేజర్ గారు మర్యాదస్తుడు, కాస్త పక్కకి జరిగాడు. మా ఆయనే జరగనివ్వలేదు. "లే, దాని చల్లదనమంతా నువ్వు పీల్చేస్తున్నావు" అన్నాడు.

ఇంకోటుంది. నీళ్లు కాచే కరెంటు కెటిల్ సంగతి. మా బండిలో ఏసీ నడుస్తుంటే కెటిల్ పెట్టకూడదు. పార్కుల్లో కరెంటు స్తంభాలుంటాయి చూడు, నాలుగు బళ్లకో స్తంభం, దానికి మన వైరు తగిలించుకుంటాం. రెండూ ఒకేసారి వేస్తే ఆ స్తంభం మీద స్విచ్చి టక్కున పడిపోతుంది. అందుకని కెటిలా, ఏసీయా, ఏదో ఒకటే. ఏది గెలుస్తుందో వేరే చెప్పాలా? బయట గ్యాసు స్టవ్వు మీద ఈగలు తోలుకుంటూ నీళ్లు కాచుకోవాలి నేను. మా ఆయనకి టీ మాత్రం పొగలు రావాలి. కాస్త చల్లారిందంటే కప్పు పక్కన పెట్టేసి, మొహం అటు తిప్పుకుంటాడు. యాభై ఏళ్లుగా ఇదే.

ఫోను మోగిందా? కాదా. సరే.

ఈ పార్కుల్లో మనుషులు ఎట్లా ఉంటారనుకున్నావు? సాయంత్రమయ్యేసరికి అందరూ ఎవరి మడతకుర్చీ వాళ్లు, ఎవరి బీరు వాళ్లు తెచ్చుకుని గుండ్రంగా కూర్చుంటారు. అది మాకు ప్రార్థన లాంటిది, ఎవరూ ఎగ్గొట్టరు. అక్కడ మొదట అడిగేది నీ పేరు కాదు. నీ కుక్క పేరు. నెలలు నెలలు పక్కపక్కన బళ్లు పెట్టుకున్నవాళ్లకి కూడా నా పేరు రెలీన్ అని తెలీదు. మేజర్ వాళ్లమ్మ అంటారు. ఎవరన్నా వచ్చి "మేజర్‌కి ఎలా ఉందండీ" అంటారు. "మేజర్ వాళ్లమ్మకి ఎలా ఉంది" అని మేజర్ ఏమన్నా అడుగుతాడా?

ఆ గుంపులోనే నెవిల్ పరిచయమయ్యాడు. ఒంటి మనిషి, పెళ్లాం పోయింది, పాత కారవాను లాక్కుంటూ తిరుగుతాడు. మా పక్క స్థలమే. వచ్చిన మొదటిరోజు మేజర్ని ఎగాదిగా చూసి, "ఈ ముక్కుతోనా, ఈ ఊరికా, ఈ నెల్లోనా?" అన్నాడు. అంతే. మూడు ముక్కలు. మా ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజు నుంచీ నెవిల్ దగ్గితే తప్పు, తుమ్మితే తప్పు. వాడి పందిరి మా వైపుకి వచ్చిందంటాడు, వాడి రేడియో మేజర్ నిద్ర చెడగొడుతోందంటాడు. నిజం చెబితే నిష్ఠూరం కదా. నెవిల్ అన్నదాంట్లో తప్పేముంది? అక్టోబరులో ఎండలు ముదిరేసరికి బుద్ధున్న ప్రతివాడూ దక్షిణానికి తిరిగిపోయాడు. వానలకి ముందు ఈ ఉక్కలో ఇక్కడ మిగిలేది మొసళ్లు, మీరు, మేము.

మేమెందుకు మిగిలామా? అదిగో, అక్కడికే వస్తున్నా.

నేషనల్ పార్కుల్లోకి కుక్కల్ని రానివ్వరు. నీకు తెలుసు. దేశంలో చూడ్డానికి ఏదన్నా ఉందంటే అది నేషనల్ పార్కులోనే ఉంటుంది. అందుకని ఎక్కడికెళ్లినా వంతులు. నేను బండిలో మేజర్ దగ్గర కూర్చుంటే ఆయన వెళ్లి జలపాతం చూసొస్తాడు. ఆయనొచ్చాక నేను పోతాను. రాత్రి భోజనాల దగ్గర, "పైన ఇంద్రధనుస్సు చూశావా?" అంటాడు. "నేను పోయేసరికి లేదు" అంటాను. మా సంభాషణ అది. ఫొటోలు చూస్తే నీకు నవ్వొస్తుంది. ఒకదాంట్లో నేనొక్కదాన్నే, ఇంకోదాంట్లో ఆయనొక్కడే. విడాకులు తీసుకున్నవాళ్లు కూడా ఇంతకన్నా ఎక్కువ కలిసి కనపడతారు.

ఇవాళ మా పెళ్లి రోజు. యాభయ్యోది.

అభినందనలా? థాంక్సమ్మా. ఆ కాలు మెల్లిగా.

నేనడిగింది ఒక్కటే. నగలడిగానా, విందడిగానా? ఈ లోయని ఇద్దరం కలిసి చూద్దాం, ఒక్క పూట, అన్నాను. అందుకోసమే ఈ నెల దాకా ఇక్కడ ఉండిపోయాం. పట్టుబట్టి ఉంచింది నేనే, ఒప్పుకుంటాను. ఆయన ఎంత గింజుకున్నాడో. "మేజర్ని ఎవరు చూస్తారు?" నెవిల్ని అడుగుదామన్నాను. నెవిల్ పేరెత్తేసరికి కళ్లెర్రజేశాడు. పరాయివాడి చేతిలో, అందులోనూ ఆ నెవిల్ చేతిలో బిడ్డని పెడతానా అన్నాడు. చివరికి తనే ఒక ఏర్పాటు చేశాడు. బండిలో ఏసీ వేసి ఉంచుతాం. లోపల వేడి కొలిచే యంత్రం ఒకటి కొన్నాడు, వేడి పెరిగితే ఫోనుకి కబురు పంపుతుంది. అద్దానికి ఒక బోర్డు కూడా తగిలించాడు: కుక్క చల్లగా ఉంది, ఏసీ నడుస్తోంది, దయచేసి అద్దం పగలగొట్టకండి, అని.

మంచి ఏర్పాటే కదా? నువ్వూ అదే అంటున్నావు. ఆ ఫోను ఎక్కడ పెట్టాడో అడుగు.

బండిలో పెట్టాడు. మేజర్ పక్కన. ఒంటరిగా ఉంటే వాడికి దిగులట, క్రికెట్ కామెంటరీ వింటూ పడుకుంటాడట. అందుకని ఫోన్లో కామెంటరీ పెట్టి, తలగడ మీద పెట్టొచ్చాడు. బండిలో వేడి పెరిగితే యంత్రం కబురు పంపింది, బాగానే పంపింది. కుక్కకి వేడిగా ఉందని కుక్కకే చెప్పింది. నా ఫోనుకి పంపమంటే పంపేది, కానీ నాకు ఆ యంత్రం వాడకం రాదని ఆయన గట్టి నమ్మకం.

పొద్దున్నే అంతా సిద్ధం. ఏసీ వేశాడు. మేజర్ని చివరిసారి తడి గడ్డిలో తిప్పుకొచ్చి పడుకోబెట్టాడు. "మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాం రా" అని వాడికి ఎన్నిసార్లు చెప్పాడో. నేను ఫ్లాస్కు పట్టుకుని బస్సు దగ్గర నిలబడ్డాను. బస్సువాడు హారన్ కొడుతున్నాడు. "మనం యాభై ఏళ్లకి ఒకసారి బయటికి పోతున్నాం, ఇక రావయ్యా" అన్నాను.

లోయ బావుందా అంటావా? నువ్వు చూళ్లేదా? ఇక్కడే పుట్టి పెరిగి చూళ్లేదా? అవున్లే, ఊళ్లోవాళ్లు ఎప్పుడు చూస్తారు గనక.

బావుంది తల్లీ. ఎర్రటి కొండలు నిట్టనిలువుగా, అడుగున ఆకుపచ్చటి నీళ్లు. కానీ నేను లోయని చూడలేదు, మా ఆయన్ని చూశాను. పాపం, ఆ మనిషికి చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. కుక్క తాడు పట్టుకోడం అలవాటైపోయి, ఆ కుడిచెయ్యి గాల్లో వెతుక్కుంటూ ఉంది. చివరికి నా చెయ్యి పట్టుకున్నాడు. తాడు లేక పట్టుకున్నాడో, కావాలనే పట్టుకున్నాడో, నేనడగలేదు. అడిగితే వదిలేస్తాడేమోనని.

ఇద్దరం ఒక బండ మీద కూర్చున్నాం. టీ తాగాం. మా పెళ్లిరోజు సంగతులు చెప్పుకొచ్చాడు. చర్చికి వచ్చే దారిలో వాళ్ల నాన్న కారు బురదలో దిగబడిపోతే, సూటుతోనే దిగి నెట్టి, మోకాళ్ల దాకా బురదతో వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఫాదరు మొహం చూడాలి ఆ రోజు. మా అమ్మ అయితే పెళ్లి అయ్యేదాకా ఆ బూట్ల వంకే చూసింది. ఆ మొహాలన్నీ పెట్టి చూపిస్తుంటే నాకు నవ్వాగలేదు. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఆయన ఇంకో కప్పు అడిగాడు. పోశాను.

తర్వాత నాకెందుకో మనసు కీడు శంకించింది. "డెస్, పోదాం, నాకు భయంగా ఉంది" అన్నాను. ఎందుకని కూడా అడగలేదు మనిషి. లేచాడు, పరిగెత్తాడు. నేనూ వెనకాలే పరిగెత్తాను. పడ్డాను. నా కేక విని వెనక్కి తిరిగి చూశాడు. చూశాడమ్మా, అబద్ధం చెప్పకూడదు. ఒక్క క్షణం ఇటా అటా అన్నట్టు నిలబడ్డాడు. "పో, నువ్వు పో" అన్నాను. పోయాడు. నేనంటే మాత్రం పోవాలా? అక్కడున్న ఫారెస్టు ఆయన్ని బతిమాలుకుని ఆయన జీపులో మా కారవాన్ పార్కుకి పోయాడు. నేను బస్సులో వచ్చాను. ఎవరో ఆడవాళ్లు నన్ను కూర్చోబెట్టి, కాలు ఒళ్లో పెట్టుకున్నారు. మా ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు, మంచివాళ్లు.

మిగతా కథ పార్కు గేటు దగ్గర చెప్పారు. కరెంటు ఎప్పుడో పోయింది. ఎండకి బండి పొయ్యిమీద పెనం అయింది. ఫోను కీచుకీచుమంటూనే ఉందట. పక్కన నెవిల్ తన బండి సర్దుకుంటున్నాడు, ఇవాళే వెళ్లిపోదామని. ఆ కీచుమనే మోత ఆగట్లేదు, కుక్క మాత్రం మొరగట్లేదు. అది వాడికి తేడాగా అనిపించింది. తెర సందులోంచి చూశాడు. మేజర్ పక్కకి ఒరిగి, నోట్లోంచి నురుగు కక్కుతున్నాడు.

నెవిల్ ఆ బోర్డు చదివాడట. చదివి, దాని మీదే సుత్తితో కొట్టాడట.

చెయ్యంతా కోసుకుపోయినా కుక్కని ఎత్తుకుని స్నానాల గదిలోకి పరిగెత్తి, కుళాయి కింద పడుకోబెట్టాడు. ఎవరో ఐసు తెచ్చి పోయబోతే వద్దన్నాడట. ఒక్కసారిగా అంత చల్లదనం తగిలితే ప్రమాదమట, మామూలు నీళ్లే పోస్తూ ఉండాలట, గాలి తగలాలట. అలా పోస్తూ కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడు దిగాడు మా వీరుడు. చూసిందేమిటి? పగిలిన అద్దం, తడిసి చచ్చినట్టు పడున్న కుక్క, దాని మీద నెవిల్. నెవిల్ కాలరు పట్టుకుని గోడకి నొక్కాడట. "నువ్వే మా వైరు లాగేశావు, వెళ్లిపోతూ వెళ్లిపోతూ మా వైరు లాగావు" అని అరిచాడట. పార్కు ఓనరు మధ్యలోకొచ్చి, వైరు వైరులాగే ఉందయ్యా, స్తంభం మీద స్విచ్చి పడిపోయింది, అంటుంటే వింటేగా. పోలీసు కంప్లైంటు ఇస్తానన్నాడట. తర్వాత కుక్కని తీసుకుని డాక్టరు దగ్గరికి పోయాడు. నెవిల్ పాపం రక్తం కారే చేత్తోనే మా బండి మెట్ల మీద కూర్చుని, గాజుముక్కలు ఏరుతున్నాడట, మేజర్ తిరిగొస్తే కాళ్లకి గుచ్చుకుంటాయని.

నీళ్లిస్తావా కాసిని? చాలు, చాలు.

కరెంటు ఎందుకు పోయిందంటావా? నాకేం తెలుసు. ఈ ఉక్కకి అందరూ ఏసీలు వేస్తారు కదా. ఏదో అయుంటుంది.

నువ్వలా చూడకమ్మా. నా కూతురూ ఇట్లాగే చూస్తుంది, మాట్లాడకుండా.

సరే. నేనే.

పొద్దున్న ఆయన మేజర్ని గడ్డిలో తిప్పుతున్నప్పుడు నేను కెటిల్ పెట్టాను. ఏసీ అప్పటికే నడుస్తోంది. తెలుసు, పెట్టకూడదని తెలుసు. బయట స్టవ్వు అప్పటికే సర్దేశాం, బస్సు హారన్ కొడుతోంది, యాభై ఏళ్ల పెళ్లిరోజుకి ఒక ఫ్లాస్కు టీ కూడా లేకుండా పోవడమేమిటని నాకు పట్టుదల. కాసేపటికి టక్ మంది. నీళ్లు కాగాయి, కెటిల్ దానంతటదే ఆగిందనుకున్నాను. ఏసీ చప్పుడు ఆగినట్టనిపించింది. అది మధ్యమధ్యలో ఆగుతూనే ఉంటుంది, మళ్లీ అదే మొదలవుతుంది, నేను పట్టించుకోలేదు. నీళ్లు పోశాను, టీ పొట్లాలు వేశాను, మూత బిగించాను. లోపల అప్పటికి చల్లగానే ఉంది కదా, ఆయనకీ ఏమీ తెలియలేదు. పడుకోబెట్టి తలుపేశాడు.

అక్కడిదాకా అయితే పొరపాటు. పొరపాటు ఎవరైనా చేస్తారు. ఆ మాట నేను ఆయనకి చెప్పుకోగలను. తిడతాడు, పడతాను.

మిగిలింది వేరే ఉంది.

లోయ ఒడ్డున మొదటి గుక్క తాగాను. గోరువెచ్చగా ఉంది. ఫ్లాస్కులో పోసిన టీ గోరువెచ్చగా ఎందుకుంటుంది? నీళ్లు కాగలేదు కాబట్టి. ఎందుకు కాగలేదు? ఆ టక్ మన్నది కెటిల్ కాదు, స్తంభం. అంతా ఒక్క గుక్కలో తెలిసిపోయింది నాకు. ఏసీ ఆగిపోయింది, మేజర్ లోపల ఉన్నాడు, ఎండ ఎక్కుతోంది.

మరి అప్పుడే లేవాలి కదా? నోరు తెరవాలి కదా?

తెరవలేదు. ఆయన నా చెయ్యి పట్టుకునున్నాడు. కారు బురదలో దిగబడిన కథ మొదలుపెట్టాడు. ఇది అయ్యాక చెబుదాం అనుకున్నాను. అయింది. ఈ కప్పు అయ్యాక చెబుదాం అనుకున్నాను. ఆ తర్వాత ఆయన రెండో కప్పు అడిగాడు, అదీ పోశాను. అక్కడ కూర్చుని, ఒక ప్రాణం ఉడికిపోతోందని తెలిసి, నవ్వాను తల్లీ. పొట్ట పట్టుకుని నవ్వాను. ఎన్నేళ్లుగానో ఆ కుక్కకి చల్లగా ఉండాలని నేను చెమటలు కక్కాను, ఇవాళ ఒక్క పూట, ఒక్క కప్పు టీ సేపు, వాడు నాకోసం ఓర్చుకోలేడా అనుకున్నాను. అట్లా మాటల్లో అనుకోలేదులే. కానీ అదే అనుకున్నాను.

వాడేం పాపం చేశాడు? కెటిల్ పెడుతున్నప్పుడు కూడా వాడు వాకిట్లోంచి నా వంక చూసి ఆ అంగుళం తోక ఊపాడు.

ఇప్పుడు వాడు పోతే నేనేం చెయ్యను? ఆయనకి చెబితే ఆయన నా మొహం చూస్తాడా? చెప్పకపోతే ఆ నెవిల్ మెడకి చుట్టుకుంటుంది. ప్రాణం పోసినవాడి మీద పోలీసు కేసు. నోరు మూసుకుని నేను ఆయన పక్కన కూర్చుని, పాపం మేజర్, అని కళ్లొత్తుకోవాలి.

ఎవరది? ఎవరో తలుపు నెడుతున్నారు.

డెస్?

ఏదీ, వాడేడీ? ఆ తువ్వాల్లో ఉన్నది... నోరు తెరిచి చెప్పు డెస్, బతికాడా? ఊపిరి ఆడుతోందా?

ఇలా తీసుకురా. ఇలా నా ఒళ్లో పెట్టు. అమ్మాయ్, కుక్కలు లోపలికి రాకూడదని నాకూ తెలుసు, ఒక్క నిమిషం కళ్లు మూసుకో తల్లీ, నీకు పుణ్యముంటుంది. ఓరి నా నాయనా. కళ్లు తెరిచాడు. చూడు, చూడు, నా చెయ్యి నాకుతున్నాడు. వద్దురా, నా చెయ్యి నాకకు.

ఏడవట్లేదు. ఏడుస్తున్నానా? ఏడుస్తాను, నా ఇష్టం.

ఏమన్నాడు డాక్టరు? సెలైను పెట్టాడా. గండం గడిచినట్టేనా. ఇంకాస్త ఆలస్యమయితే దక్కేవాడు కాదా. ఆ నీళ్లు పోస్తూ ఉండబట్టి బతికాడని డాక్టరే అన్నాడా? విన్నావుగా మరి. ఇప్పుడు మళ్లీ నెవిల్ని ఏమంటున్నావు? ఇక్కణ్నుంచి స్టేషనుకి పోతావా? వైరు లాగాడని రాసిస్తావా?

కూర్చో. నిలబడే అరవకు, కూర్చో. ఈ అమ్మాయి ముందే చెబుతున్నాను, నాకు ఒంటరిగా చెప్పే ధైర్యం లేదు. నెవిల్ ఏ వైరూ లాగలేదు. ఏసీ నడుస్తుంటే నేను కెటిల్ పెట్టాను. అంతటితో అయిపోలేదు, విను. టీ నోట్లో పోసుకోగానే నాకు తెలిసిపోయింది, స్విచ్చి పడిపోయిందని. తెలిసీ కప్పు పూర్తి చేశాను. నీకు ఇంకో కప్పు పోశాను. ఇప్పుడు తిట్టు. కొట్టినా పడతాను.

ఏమిటా చూపు? తిట్టవేం?

ఏమన్నావు?

మళ్లీ చెప్పు. ఈ అమ్మాయికి కూడా వినపడేట్టు చెప్పు.

నీకూ తెలిసిందా? మొదటి గుక్కకేనా?

అవున్లే. చల్లారిన టీ ఏనాడూ రెండో గుక్క తాగనివాడివి. కెటిలా ఏసీయా అని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరినవాడివి, నీకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? నా బుద్ధి ఎక్కడికి పోయింది? నువ్వు మొహం అటు తిప్పుకోకపోతే, పెళ్లిరోజు కదా, మర్యాదకి తాగుతున్నావనుకున్నాను. అందుకేనా, పోదాం అంటే ఎందుకని కూడా అడక్కుండా లేచి పరిగెత్తావు? అందుకేనా ఆ నెవిల్ మీద అంత ఎగిరావు? తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉండాల్సింది పోయి, అడ్డమొచ్చినవాడి కాలరు పట్టుకున్నావా?

మరి రెండో కప్పు ఎందుకడిగావయ్యా? అది చెప్పు. నేనంటే కుక్కని చూసి కుళ్లుకున్నాను. నీకేమొచ్చింది? బిడ్డ బిడ్డ అంటూ తిరిగేవాడివి కదా, నీకేమొచ్చింది?

నేలచూపులు చూడకు. నా వంక చూసి చెప్పు.

నేను నవ్వుతున్నాననా?

అంతేనా? నేను అట్లా నవ్వి చాలా కాలమైంది, ఆపబుద్ధి కాలేదు. అంతేనా నువ్వు చెప్పేది?

విన్నావా తల్లీ. నేను నవ్వడం మానేశానని ఈ మనిషికి తెలుసట. ఆ ముక్క నా మొహం మీద చెప్పడానికి ఈ కుక్క సగం చావాల్సొచ్చింది.

నువ్వు ఆ కట్టు కొంచెం బిగించి కట్టు. ఇక్కణ్నుంచి నెవిల్ దగ్గరికి నడవాలి మేము.